కొట్లో కెమెరా పెడితే...

పిస్కాటవే (న్యూజెర్సీ): ఇండియన్ గ్రోసరీ స్టోర్లలో బిల్లు కౌంటర్ పక్కన ఓ నోటీసు బోర్డు ఉంటుంది. చూసే ఉంటారు. కూచిపూడి క్లాసులు, రూమ్మేట్ కావలెను, బేబీ సిట్టింగ్, నెలవారీ భోజనం క్యారేజీ... కింద చింపుకుపోవడానికి వీలుగా కత్తిరించిన ఫోన్ నంబర్ల చీటీలు. ఇరవయ్యేళ్ల కిందట పిస్కాటవే, ఎడిసన్ చుట్టుపక్కల మనవాళ్ల చిన్న వ్యాపారాల ప్రచారమంతా దాదాపు ఇంతే. మహా అయితే ఉగాది సంబరాల సావనీరులో ఓ అరపేజీ ప్రకటన. ఇప్పుడూ బోర్డు అక్కడే ఉంది. చీటీలు చింపేవాళ్లే తగ్గారు. అదే క్యారేజీ, అదే కూచిపూడి క్లాసు నిమిషం వీడియోగా మారి వాట్సాప్ గ్రూపుల్లో చక్కర్లు కొడుతోంది.

"అందరూ పెడుతున్నారు, మనమూ ఓ చానల్ పెడితే పోలా?" అనే మాట ఇప్పుడు ఏ పుట్టినరోజు పార్టీకి వెళ్లినా వినిపిస్తుంది. తీసేది ఫోన్‌తోనే. ఎక్కించడానికి పైసా ఖర్చు లేదు. ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. ఇంతవరకూ నిజమే. కానీ ఇందులో లాభం ఎక్కడుందో తెలియక కొందరు ఆర్నెల్లు ఒళ్లు హూనం చేసుకుని మానేస్తున్నారు. చిక్కు ఎక్కడుందో తెలియక మరికొందరు వీసాకే ఎసరు తెచ్చుకునే పని చేస్తున్నారు. మేము ఈ రెండింటి గురించే చెప్పదలుచుకున్నాం. రెండో దాని గురించి కాస్త ఎక్కువగా.

అరగంట దూరంలో ఓ వైన్ షాపు

వ్యాపారానికి ఆన్‌లైన్ వీడియోను ఎలా వాడుకోవాలో అమెరికాకు నేర్పిన మనిషి ఎక్కడో కాలిఫోర్నియాలో లేడు. మన పక్కనే పెరిగాడు. పిస్కాటవే నుంచి అరగంట డ్రైవ్ చేస్తే స్ప్రింగ్‌ఫీల్డ్ వస్తుంది. అక్కడ వైన్ లైబ్రరీ అనే మద్యం దుకాణం ఉంది. దాన్ని పెద్దది చేసిన గ్యారీ వేనర్‌చక్ 1975లో అప్పటి సోవియట్ యూనియన్‌లో, ఇప్పటి బెలారస్‌లోని బాబ్రూయిస్క్‌లో పుట్టాడు. 1978లో ఆ కుటుంబం అమెరికా వచ్చింది. మొదట న్యూయార్క్ క్వీన్స్‌లో ఓ చిన్న అపార్ట్‌మెంట్లో చుట్టపక్కాలంతా సర్దుకుని బతికారు. మనలో చాలామందికి గెస్ట్ హౌస్ రోజులు గుర్తొస్తాయి కదా! ఆ తర్వాత ఎడిసన్ చేరారు. అవును, మన ఎడిసనే. ఆ కుర్రాడు ఇక్కడి వీధుల్లో నిమ్మరసం అమ్మాడు, బేస్‌బాల్ కార్డులు అమ్మాడు. పద్నాలుగేళ్లకు నాన్న దుకాణంలో పనికి చేరాడు.

అప్పట్లో ఆ దుకాణం పేరు షాపర్స్ డిస్కౌంట్ లిక్కర్స్. పేరులోనే ఉంది, చౌక సరుకు కొట్టు. 1999లో డిగ్రీ అయ్యాక గ్యారీ దాన్ని చేతుల్లోకి తీసుకుని వైన్ లైబ్రరీగా మార్చాడు. అప్పటికే ఇంటర్నెట్‌లో అమ్మకాలు మొదలయ్యాయి. 2006 ఫిబ్రవరి 21న 'వైన్ లైబ్రరీ టీవీ' అని ఓ వీడియో కార్యక్రమం ప్రారంభించాడు. యూట్యూబ్ పుట్టి అప్పటికి ఏడాదే. అందులో మొట్టమొదటి వీడియో, జూలో ఏనుగుల ముందు నిలబడి తీసుకున్న 19 సెకన్ల ముక్క, ఎక్కింది 2005 ఏప్రిల్ 23న. గూగుల్ ఆ కంపెనీని 165 కోట్ల డాలర్లకు కొన్నది 2006 చివర్లో. అంటే వీడియోతో వ్యాపారం చెయ్యొచ్చని పెద్ద కంపెనీలకే ఇంకా నమ్మకం కుదరని రోజులవి.

ఇంతకీ ఆయన చేసిందేమిటి? టేబుల్ మీద నాలుగు సీసాలు. పక్కన ఉమ్మడానికి న్యూయార్క్ జెట్స్ బొమ్మ ఉన్న బకెట్. ఒక్కో వైన్ రుచి చూడటం, ఏమనిపించిందో చెప్పడం. అంతే! సెట్టింగు లేదు, లైటింగు లేదు, స్క్రిప్టు లేదు. వైన్ గురించి మాట్లాడేవాళ్లంతా ఫ్రెంచి మాటలతో భయపెట్టే కాలంలో ఈయన చాక్లెట్లతో, కూరగాయలతో పోల్చి చెప్పేవాడు. మాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇంకోటుంది. తన షాపులో అమ్మే సరుకే అయినా బాగాలేకపోతే బాగాలేదనేవాడు. కొట్టువాడే "ఇది కొనకండి" అంటే, "ఇది కొనండి" అన్నప్పుడు జనం నమ్మరా మరి? దాదాపు పని దినాలన్నిట్లో ఒక ఎపిసోడ్ చొప్పున తీస్తూ 2011 మార్చికి వెయ్యి పూర్తి చేశాడు.

ఇక్కడే మనవాళ్లు పొరబడుతుంటారు. "వీడియోలు పెట్టాడు, షాపు టర్నోవరు 30 లక్షల డాలర్ల నుంచి 6 కోట్ల డాలర్లకు వెళ్లింది" అని సెమినార్లలో చెబుతుంటారు. ఆ అంకెలు ఆ దుకాణం గురించి చాలాచోట్ల వచ్చినవే. కానీ ఆ ఎదుగుదలలో సింహభాగం కెమెరా పెట్టక ముందే జరిగింది. వెబ్‌సైటు, కస్టమర్లకు ఈమెయిళ్లు, సరైన ధరలు... ఇవీ అసలు కారణాలు. వీడియో తెచ్చింది పేరు, నమ్మకం, న్యూజెర్సీ దాటిన గుర్తింపు. ఆ పేరుతోనే 2009లో తమ్ముడితో కలిసి వేనర్‌మీడియా అనే ప్రకటనల కంపెనీ పెట్టాడు. అంటే కెమెరాకు ముందే అక్కడ మంచి కొట్టు ఒకటి ఉంది. కొట్టు లేకుండా కెమెరా ఒక్కటే పెడితే అది సినిమా అవుతుందేమో గానీ వ్యాపారం కాదు.

అదే ఏడాది, 2006లో, యూటా రాష్ట్రంలో బ్లెండ్‌టెక్ అనే మిక్సీల కంపెనీ ఇంకో తమాషా చేసింది. దాని అధిపతి టామ్ డిక్సన్ తెల్ల కోటు వేసుకుని మిక్సీలో గోళీలు, చీపురు కర్రలాంటివి వేసి పొడి చేసి చూపించాడు. 2007లో కొత్తగా వచ్చిన ఐఫోన్‌నూ వేసేశాడు. మొదటి వీడియోలకు పెట్టిన ఖర్చు పట్టుమని వంద డాలర్లు కూడా కాదు. మనింట్లో అల్లం వెల్లుల్లి నలగని మిక్సీలతో వేగేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? "మా మిక్సీ గట్టిది" అని ఒక్క మాట అనలేదు. చూపించారు. వ్యాపార వీడియోకు ఇంతకు మించిన పాఠం మాకు కనపడలేదు.

గుడివాడ అవ్వ, లంబాడిపల్లి గంగవ్వ

మన తెలుగువాళ్లు ఈ విషయంలో ఎవరికీ తీసిపోలేదు. హైదరాబాద్‌కు చెందిన షెఫ్ సంజయ్ తుమ్మ షికాగోలో రెస్టారెంట్లు నడిపి, 2007లో 'వారేవా' మొదలుపెట్టారు. వారేవా షెఫ్ అంటే అమెరికాలో కొత్తగా దిగిన బ్యాచిలర్లకు పెద్ద దిక్కు. కుక్కర్ ఎన్ని విజిళ్లు రానివ్వాలో అమ్మకు ఫోన్ చేసి అడిగే అవసరం తప్పించిన మనిషి. ఆయన వంట చెప్పేది ఇంగ్లీషులో. దాంతో తమిళులూ చూశారు, గుజరాతీలూ చూశారు, తెల్లవాళ్లూ చూశారు.

దీనికి పూర్తి విరుద్ధం గుంటూరు జిల్లా తెనాలి దగ్గరి గుడివాడ గ్రామానికి చెందిన మస్తానమ్మ. నూరేళ్లు దాటిన ఆ అవ్వ పొలం గట్టున కట్టెల పొయ్యి మీద వండుతుంటే మునిమనవడు, అతని స్నేహితుడు 2016లో వీడియో తీసి 'కంట్రీ ఫుడ్స్' పేరుతో పెట్టారు. పుచ్చకాయలో వండిన కోడికూర ప్రపంచమంతా తిరిగింది. 2018 డిసెంబరులో ఆమె కన్నుమూసే నాటికి చందాదారులు పది లక్షలు దాటారు. ఆమెకు ఇంగ్లీషు రాదు, కెమెరా గొడవ పట్టదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో శ్రీరాం శ్రీకాంత్ 2012లో మొదలుపెట్టిన 'మై విలేజ్ షో' కథా ఇలాంటిదే. వ్యవసాయ కూలీగా బతికిన గంగవ్వ అందులో నటించి, 2020లో బిగ్‌బాస్ ఇంటి దాకా వెళ్లింది. తన ఊరి యాసను ఒక్క ముక్క మార్చుకోలేదు.

వీళ్లను చూసి పిస్కాటవేలో మనం నేర్చుకోవలసింది ఒకటుంది, నేర్చుకోకూడనిది ఒకటుంది. ఉన్నది ఉన్నట్టు మాట్లాడటం నేర్చుకోవలసింది. స్టెల్టన్ రోడ్డులో బొటీక్ పెట్టుకున్న ఆవిడ న్యూస్ రీడర్‌లా మాట్లాడక్కర్లేదు. ఇంట్లో అత్తయ్యకు చీర చూపించినట్టు చూపిస్తే చాలు. ఇక నేర్చుకోకూడనిది, వ్యూల లెక్క. మస్తానమ్మగారి చానల్‌కు చూసేవాళ్లే ఆదాయం. ఎక్కడివాళ్లు చూసినా ఫరవాలేదు. మన బొటీక్‌కు అలా కాదు.

లక్ష వ్యూలు... ముగ్గురు కస్టమర్లు!

ఓ లెక్క వేద్దాం. మీరు వారాంతాల్లో పిల్లలకు కర్ణాటక సంగీతం నేర్పుతారనుకోండి. గ్రీన్ కార్డు ఉంది, ఏ పేచీ లేదు. మీ వీడియోను లక్ష మంది చూశారు. అందులో తొంభై వేల మంది గుంటూరు, వరంగల్, బెంగళూరు వాళ్లు. ఇంకో తొమ్మిది వేల మంది డాలస్, బే ఏరియా వాళ్లు. వాళ్లెవరూ శనివారం పొద్దున పిల్లను కారెక్కించి మీ బేస్‌మెంట్‌కు తీసుకురారు. అదే పిస్కాటవే, ఎడిసన్, సౌత్ ప్లెయిన్‌ఫీల్డ్, సోమర్సెట్‌లలో ఉండే మూడొందల మంది తల్లులు చూస్తే? పది మంది ఫోన్ చేస్తారు, నలుగురు చేరతారు. మీ ఇల్లు నిండుతుంది. (ఈ అంకెలు లెక్క తేలిగ్గా అర్థమవడానికి మేము వేసినవి.)

అందుకే ఊళ్లో వ్యాపారం చేసేవాళ్లు వైరల్ అవ్వాలని తాపత్రయపడటం దండగ. వీడియో పేరులోనే ఊరి పేరు ఉండాలి. 'సంగీతం పాఠం 1' అని పెడితే లక్ష పాఠాల్లో కలిసిపోతుంది. 'పిస్కాటవేలో చిన్నపిల్లలకు సంగీతం, మొదటి నెల ఏం నేర్పుతాం' అని పెడితే వెతికేవాళ్లకు దొరుకుతుంది. ఆ పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి. మన పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది ఇంగ్లీషులోనే వెతుకుతారు, తెలుగులో వింటారు. గూగుల్ మ్యాప్‌లో మీ షాపు పేజీకి అర నిమిషం వీడియో జత చెయ్యొచ్చు, ఉచితం. పార్కింగ్ ఎక్కడ, వాకిలి ఎటువైపు, లోపల ఎలా ఉంటుంది అన్నది చూపిస్తే చాలు. యూట్యూబ్ చానల్ కంటే దీనివల్లే ఎక్కువ మంది గుమ్మం తొక్కే వ్యాపారాలు బోలెడు. కానీ దీని గురించి సెమినార్లలో ఎవరూ చెప్పరు, ఇందులో గ్లామర్ లేదు మరి.

ఇక వీడియోలో ఏం చెప్పాలి? మిమ్మల్ని రోజూ అడిగే ప్రశ్నలే. టాక్స్ ఫైలింగ్ చేసేవాళ్లను మార్చిలో అందరూ అడిగేది ఒకటే, ఇండియాలో ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్లు చూపించాలా అని. దానికి నాలుగు నిమిషాల్లో సూటిగా జవాబు చెప్పండి. నూట యాభైసార్లు ఫోన్లో చెప్పే పని తప్పుతుంది. అదే జవాబును మీ వెబ్‌సైటులో నాలుగు పేరాలుగా రాసి వీడియోను పక్కన పెట్టండి. చదివేవాళ్లు చదువుతారు, చూసేవాళ్లు చూస్తారు. సెర్చ్ ఇంజన్‌కు వీడియో కంటే ఆ నాలుగు పేరాలే తేలిగ్గా అర్థమవుతాయి.

తీసే పద్ధతి గురించి రెండు ముక్కలు. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం క్షమిస్తారు, మాట సరిగా వినపడకపోతే మాత్రం వెంటనే మూసేస్తారు. డబ్బు పెట్టేదుంటే ముందు కాలర్‌కు తగిలించే చిన్న మైకు మీద పెట్టండి. కిటికీకి ఎదురుగా కూర్చుంటే లైట్లతో పనిలేదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపండి. "హాయ్ ఫ్రెండ్స్, ఎలా ఉన్నారు, లైక్ కొట్టండి, షేర్ చెయ్యండి" అని మొదటి నిమిషమంతా తినెయ్యకండి. ఆ నిమిషంలోనే సగం మంది వెళ్లిపోతారు. సినిమా పాట వెనకాల పెట్టడం మన అలవాటు. యూట్యూబ్‌లో 2007 నుంచి పాటల్ని పట్టుకునే యంత్రాంగం ఉంది. మీ చీరల వీడియో వెనక హిట్ పాట పెడితే, ఆ వీడియో మీద వచ్చే డబ్బు ఆడియో కంపెనీకి వెళ్తుంది, లేదా వీడియోనే ఆగిపోతుంది.

అసలు చిక్కు వీసాతోనే

ఇప్పుడు హెచ్-1బీ, హెచ్-4 వాళ్లు కాస్త దగ్గరికి జరగండి.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు ఏ కంపెనీ పిటిషన్ వేసిందో ఆ కంపెనీకే పని చెయ్యాలి. ఇది అందరికీ తెలుసు. కానీ "వీడియో పని ఎలా అవుతుందండీ, సరదాకి కదా!" అంటారు. సరదాగా తీసి పెట్టుకోవడానికి అడ్డులేదు. పాట పాడండి, ఊరు చూపించండి, జావా పాఠం చెప్పండి. డబ్బు లేదా దానికి బదులు మరేదైనా చేతికొచ్చేసరికి సంగతి మారుతుంది. వారం వారం వీడియోలు తీసి ప్రకటనల ఆదాయం తీసుకోవడం, కంపెనీల దగ్గర స్పాన్సర్‌షిప్ తీసుకోవడం, అనుమతి లేని ఉద్యోగం కింద లెక్కకు రావచ్చని ఇమ్మిగ్రేషన్ లాయర్లు హెచ్చరిస్తున్నారు. షేర్ల మీద డివిడెండ్ వచ్చినట్టు ఇది ఊరికే వచ్చే ఆదాయం కాదు. మీరు కష్టపడితే వచ్చేది. డబ్బు కాకుండా బియ్యం బస్తా, పట్టుచీర తీసుకుని పొగిడినా అది ప్రతిఫలమే. పైగా ఏదైనా ఉచితంగా తీసుకుని పొగిడితే ఆ సంగతి చూసేవాళ్లకు చెప్పి తీరాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 2023లో వాటిని ఇంకా బిగించింది. ఇది పౌరులకూ వర్తిస్తుంది.

హెచ్-4 మీద ఉన్న ఆడపడుచుల సంగతి ఇంకా సున్నితం. చదువుంటుంది, చేతిలో విద్య ఉంటుంది, పని చేసే హక్కు ఉండదు. రోజంతా అపార్ట్‌మెంట్ గోడలు చూసే మనిషికి చానల్ అనేది ఊపిరి పీల్చుకునే కిటికీ. ఆ మాట మేము కాదనం. 2015 మే 26 నుంచి కొందరు హెచ్-4 వాళ్లకు ఈఏడీ కార్డు ఇస్తున్నారు. భర్తకో భార్యకో ఐ-140 ఆమోదం పొంది ఉండాలి, లేదా ఆరేళ్లు దాటి హెచ్-1బీ పొడిగింపు వచ్చి ఉండాలి. ఈ కార్డు చేతిలో ఉంటే ఏ ఉద్యోగమైనా, సొంత వ్యాపారమైనా, చానల్ అయినా చేసుకోవచ్చు. కార్డు లేకుండా మాత్రం వద్దు. ఇంకో సంగతి. ఇంతకుముందు రెన్యూవల్‌కు వేస్తే పాత కార్డు కొంతకాలం దానంతటదే పొడిగింపు అయ్యేది. 2025 అక్టోబరు 30 నుంచి వేసిన దరఖాస్తులకు ఆ వెసులుబాటు తీసేశారు. కార్డు గడువు ముగిసి కొత్తది రాకపోతే ఆ రోజు నుంచి పని ఆపాల్సిందే. చానల్ ఆదాయం కూడా అందులో భాగమే అని గుర్తుపెట్టుకోండి.

యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బు రావడానికి వెయ్యి మంది చందాదారులు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ కావాలన్నది 2018 నుంచి ఉన్న నిబంధన. చిన్న షార్ట్‌లతో అయితే తొంభై రోజుల్లో కోటి వ్యూలు ఉండాలి. అది దాటాక ఖాతాలో పది డాలర్లు పడగానే గూగుల్ నుంచి ఇంటికి పిన్ నంబరుతో ఓ ఉత్తరం వస్తుంది. చాలా ఇళ్లలో "ఇంతకీ ఖాతా ఎవరి పేరు మీద ఉండాలి?" అన్న చర్చ మొదలయ్యేది ఆ ఉత్తరం వచ్చిన రోజే. అప్పుడు ఎవరో ఒకరు సలహా ఇస్తారు, "ఇండియాలో అత్తగారి పేరు మీద పెట్టెయ్, గొడవే ఉండదు" అని. ఈ సలహా వినొద్దు. ఖాతా ఎవరిదన్నది ఒక ప్రశ్న, పని ఎవరు, ఎక్కడ కూర్చుని చేశారన్నది ఇంకో ప్రశ్న. వీడియోలో కనపడేది మీ మొహం, వెనక కనపడేది న్యూజెర్సీ మంచు. అత్తగారేమో తెనాలిలో ఉన్నారు!

వీడియోకు ఉన్న గుణమే అది. కాగితం మీద ఫ్లయర్ చినిగిపోతుంది. వీడియో తేదీతో సహా ఉండిపోతుంది. 2019 నుంచి వీసా దరఖాస్తులో గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు అడుగుతున్నారు. ఆ జాబితాలో యూట్యూబ్ కూడా ఉంది. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్-1బీ, హెచ్-4 దరఖాస్తుదారులందరి ఆన్‌లైన్ ఖాతాలను పరిశీలిస్తామని, ప్రొఫైళ్లు పబ్లిక్‌గా పెట్టుకోవాలని అమెరికా విదేశాంగ శాఖ ప్రకటించింది. సంక్రాంతికి ఇంటికెళ్లి హైదరాబాద్‌లో స్టాంపింగ్‌కు కూర్చున్నప్పుడు మీ చానల్ అవతలి కంప్యూటర్‌లో తెరిచి ఉండొచ్చన్న మాట. ఇక గ్రీన్ కార్డుకు వేసే ఐ-485 ఫారంలో "అనుమతి లేకుండా ఎప్పుడైనా పనిచేశారా?" అని సూటిగా అడుగుతారు. పదేళ్లు క్యూలో నిలబడి, చివర్లో నెలకు ఎనభై డాలర్ల చానల్ గురించి సంజాయిషీ రాసుకోవాల్సి వస్తే ఎంత కష్టం!

అలాగని భయపడి ఉన్న వీడియోలన్నీ తీసేయక్కర్లేదు. డబ్బు తీసుకోని చానల్ మీద కూడా యూట్యూబ్ తన ప్రకటనలు వేసుకుంటుంది. 2020 నవంబరులో నిబంధనలు మార్చి ఆ హక్కు రాసుకుంది. కాబట్టి "నీ వీడియోలో యాడ్ వచ్చింది, బాగా సంపాదిస్తున్నావు" అని పక్కింటివాళ్లు అంటే అందులో మీకు పైసా రాకపోవచ్చు. మానిటైజేషన్ ఆన్ చెయ్యలేదని మీ ఖాతాలో ఉన్న పేజీలే చెబుతాయి. హెచ్-1బీ మీద ఉన్న ఇంజనీర్లు రూపాయి తీసుకోకుండా తమకు తెలిసిన సాంకేతిక విషయాలు చెబుతూ పేరు తెచ్చుకోవచ్చు. తర్వాతి ఇంటర్వ్యూలో ఆ పేరు పనికొస్తుంది కూడా. క్లయింటు ఆఫీసులో మాత్రం కెమెరా తియ్యొద్దు. కంపెనీ రహస్యాల ఒప్పందంలో మీరు సంతకం పెట్టి ఉంటారు. చదువు అయిపోయి మొదటి ఏడాది ఓపీటీ మీద ఉన్న విద్యార్థులు చదివిన సబ్జెక్టుకు సంబంధించినదైతే సొంత వ్యాపారం చేసుకోవచ్చు. తర్వాతి స్టెమ్ పొడిగింపులో మాత్రం ఐ-983 మీద సంతకం పెట్టే యజమాని ఉండాల్సిందే. ఎవరి కేసు వాళ్లది కాబట్టి, మొదటి డాలరు తీసుకోకముందే లాయర్‌తో ఓ గంట మాట్లాడండి. ఆ ఫీజు దండగ కాదు.

వంటింటి వ్యాపారం

మనవాళ్ల వీడియోల్లో సగం తిండివే. కజ్జికాయలు, సున్నుండలు, ఇడ్లీ పిండి, ఆవకాయ... తీయడం వేరు, అమ్మడం వేరు. ఇంట్లో చేసిన తినుబండారాలు అమ్మడానికి న్యూజెర్సీ చాలాకాలం అసలు ఒప్పుకోలేదు. దేశంలో చిట్టచివరగా 2021 అక్టోబరులో అనుమతించిన రాష్ట్రం ఇదే. ఇప్పుడు కాటేజ్ ఫుడ్ పర్మిట్ తీసుకోవాలి. రెండేళ్లకు వంద డాలర్లు. ఏడాదికి యాభై వేల డాలర్ల అమ్మకం దాటకూడదు. ఫ్రిజ్‌లో పెట్టకపోతే పాడయ్యేవి ఇందులో కుదరవు. కాబట్టి కేకు, బిస్కెట్ లాంటివాటికి దారి ఉంది. రుబ్బిన ఇడ్లీ పిండికి, పప్పు-కూర-సాంబారు క్యారేజీకి లేదు. వాటికి లైసెన్సు ఉన్న వంటశాల కావాలి. పచ్చళ్ల విషయంలో రాష్ట్ర ఆరోగ్య శాఖ జాబితా చూసుకున్నాకే ముందుకెళ్లండి.

రహస్యంగా వాట్సాప్‌లో అమ్ముకునే రోజుల్లో ఇవన్నీ ఎవరికీ పట్టేవి కావు. వీడియో పెట్టాక టౌన్‌షిప్ హెల్త్ ఇన్‌స్పెక్టర్ కూడా మీ ప్రేక్షకుడే. వంటింట్లో పిల్లి తిరుగుతూ కనపడిందంటే ఆయనకు వేరే ఫిర్యాదు అక్కర్లేదు.

పర్మిట్ ఉన్నవాళ్లు దాన్నే వీడియోలో చూపించాలి. పర్మిట్ కాగితం, శుభ్రమైన గట్టు, సరుకు మీద అంటించిన లేబుల్. బ్లెండ్‌టెక్ మిక్సీ కథే ఇది. "మాది శుభ్రం" అని చెప్పడం కాదు, చూపించడం. నట్స్ అలర్జీ ఉన్న పిల్లల తల్లి మీ సున్నుండల్లో జీడిపప్పు ఉందో లేదో ఆ లేబుల్‌లోనే చూసుకుంటుంది.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు

ఈ పేజీ చదివే దుబాయ్, అబుదాబి సోదరులకు కూడా ఒక మాట. అక్కడ డబ్బు తీసుకుని సోషల్ మీడియాలో ప్రచారం చేసేవాళ్లకు లైసెన్సు ఉండాలని 2018లోనే నిబంధన తెచ్చారు. 2025లో అడ్వర్టైజర్ పర్మిట్ అని కొత్తది ప్రకటించారు. డబ్బు తీసుకున్నా తీసుకోకపోయినా ప్రకటన లాంటి వీడియోకు ఇది వర్తిస్తుంది. అనుమతి లేకుండా ఇతరులను వీడియో తీయడం అక్కడ నేరం. లేబర్ క్యాంపులో తోటివాళ్లను, కంపెనీ సైటును సరదాగా తీసి పెట్టేవాళ్లు ఈ ముక్క మరిచిపోకూడదు.

చివరిగా పన్ను. అమెరికాలో ఉండి, పనిచేసే హక్కుతో చానల్ నడిపేవాళ్లు ఆదాయాన్ని ఏటా రిటర్నులో చూపించాలి. మైకు, ట్రైపాడ్ లాంటి ఖర్చులు అందులోంచి తీసేసుకోవచ్చు, రసీదులు దాచుకోండి. ఊళ్లో తమ్ముడో చెల్లెలో సొంతంగా చానల్ నడుపుతుంటే వాళ్లకూ ఈ సంగతి చెప్పండి. 2021 జూన్ నుంచి అమెరికాలో ఉన్న మనలాంటివాళ్లు చూసినందుకు వచ్చే వాటాలో గూగుల్ పన్ను కోస్తోంది. రెండు దేశాల ఒప్పందం ప్రకారం ఫారం నింపితే ఆ వాటాలో 15 శాతమే పోతుంది. నింపకపోతే మొత్తం ఆదాయం మీద 24 శాతం దాకా పోతుంది. ఫారం నింపడానికి పట్టేది పావుగంట, ఇండియా పాన్ నంబరు పక్కన పెట్టుకుని కూర్చోమనండి.